చీమలకనుకున్న అన్నం

ఆ మాట మొదట నా చెవిన వేసింది మా ఇంటి డ్రైవరు. నెల్లూరు మనిషి, నన్ను అక్కా అని పిలిచేవాడు. రెండువేల ఐదు ఎండాకాలం. అల్ ఐన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో నేను వంట చేసేదాన్ని. అతను చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గడపలో నిలబడి, "అక్కా, మన బాలి పిల్ల ముస్లిమే కాదంట!" అన్నాడు.

"నోరు కడుక్కో పో," అన్నాను. ఉల్లిపాయ మీద కత్తి మాత్రం ఆగిపోయింది.

ఇండోనేషియాలోని బాలి నుంచి ఇంటిపనికి వచ్చిన ఆ అమ్మాయీ నేనూ రెండేళ్లుగా ఒకే గదిలో ఉన్నాం. రంజానులో నాతోపాటే పస్తుండేది. నమాజుకు మాత్రం నిలబడేది కాదు. బద్ధకమేమోలే, అడిగితే నొచ్చుకుంటుందని ఊరుకున్నాను. పొద్దున అన్నం వండగానే, ఎవరూ ముట్టకముందే, ఆకు ముక్కల మీద నాలుగేసి మెతుకులు పెట్టి పొయ్యి పక్కన, కుళాయి దగ్గర, గడప ముందు ఉంచేది. చీమలకనుకున్నాను. నాకు ఇంట్లోనే చదువు చెప్పిన మా నాన్న, చీమకు వేసే మెతుకు కూడా దానమే అనేవారు. ఇంత మంచి తోడును ఇచ్చినందుకు అల్లాకు షుక్ర్ చెప్పుకుని, ఆ మెతుకులకు పెరట్లో బాదం ఆకులు నేనే తెంపి ఇచ్చేదాన్ని.

అవి వాళ్ల దేవుళ్లకట! పీట లాక్కుని కూర్చుని, మొత్తం చెప్పమన్నాను.

జరిగిందేమిటంటే, మా మేడం వాళ్లు సెలవులకు బాలి వెళ్తున్నారు. అక్కడ ఏమేం తినాలో రాసిమ్మని ఆ అమ్మాయినే అడిగారు. తనకు ఇంగ్లీషు రాదు కాబట్టి తను చెబుతుంటే డ్రైవరు రాశాడు. మసాలా పట్టించి ఆకుల్లో చుట్టి, ఊక నిప్పుల్లో పూటంతా మగ్గబెట్టే కోడి, బేతుతు. చేప, కొబ్బరి కలిపి రుబ్బి నిమ్మగడ్డి కాడలకు చుట్టి కాల్చే సాతే. పచ్చి ఉల్లిపాయ, మిరపకాయలను కొబ్బరినూనెతో కలిపే సంబల్. ఇవన్నీ తను వండిపెడితే నేను తిన్నవే. ఆ తర్వాత ఇంకో రెండు చెప్పి, "ఇవి మాత్రం ముట్టొద్దని రాయి," అందట. ఒకటి పందిని నిలువునా కాల్చేది. రెండోది లావార్.

"నీకెట్లా తెలుసని నేనడిగితే, మా గుడి పండక్కి మా నాయనే చేస్తాడు అనింది అక్కా! తోబా తోబా!"

ఆమె బట్టలు ఆరేస్తుంటే వెళ్లాను. మా ఇద్దరిదీ వచ్చీరాని అరబ్బీ.

"నిజమేనా?"

"నిజం సిస్టర్. ఏజెంటు కాగితాల్లో ముస్లిం అని రాయించాడు. లేకపోతే పని రాదన్నాడు."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. దానికంటే ముందు భయం వచ్చింది. "ఆ రెండూ కొట్టేయించు. మేడం చూస్తే నీ పని ఖలాస్. ఇంటికి పంపేస్తారు."

తల అడ్డంగా ఊపింది. "పందైతే కంటికి కనబడుతుంది. లావార్ అట్లా కాదు. బీన్స్, కొబ్బరి కలిపిన కూరలాగే ఉంటుంది. మా ఊళ్లో అందులో పచ్చి నెత్తురు కలుపుతారు. మేడం కూరే అనుకుని తింటే? తెలిసీ నేను చెప్పకపోతే?"

 నా దీనులో, నా మతంలో, నిషిద్ధమైనది నా వాళ్ల నోట పడకూడదని, మా దీను కాని పిల్ల తన బతుకుతెరువు పణంగా పెడుతోంది. దాచమన్నది నేను!

మేడం కాగితం చదివారు. "ఎట్లా తెలుసు?" అని అడిగారు. ఆమె దాచలేదు. మేడం చెడ్డ మనిషి కాదు, అరవలేదు. "ఇన్నాళ్లూ నా ఇంట్లో అబద్ధం," అని ఒక్కమాటే అన్నారు. వారం తిరక్కుండానే ఆమెను విమానం ఎక్కించారు. వెళ్లే రోజు కూడా అన్నం వండి గడప ముందు మెతుకులు పెట్టింది. ఆకు నేనే తెంపిచ్చాను. అది తప్పో ఒప్పో అల్లాకే తెలుసు.

నెల తర్వాత మేడం బాలి నుంచి వచ్చి, నేరుగా వంటింట్లోకే వచ్చారు. హోటల్లో బీన్స్ కూర అంటూ పెట్టారట. పిల్లలు చెంచాలు పట్టుకున్నారట. అనుమానమొచ్చి కాగితం తీసి చూపిస్తే, వడ్డించేవాడు గబగబా గిన్నె తీసేశాడట. చెబుతూ చెబుతూ మేడం గడప వైపు చూశారు. అక్కడ ఆకులేమీ లేవు.

మీలో ఎవరైనా బాలి వెళ్తే బేతుతు తినండి, సాతే తినండి. మొదటి ముద్దకు ముందు ఒక్క క్షణం ఆ అమ్మాయిని తలచుకోండి.