ఒఫేలియా అడిగే మాట

కాలిఫోర్నియాలో శాన్ రామన్ కొండలకు అవతలి లోయలో, టైర్ల షాపు వెనక గదిలో, 2001లో ఒక మెక్సికన్ రేడియో స్టేషన్ మొదలైంది. కొండ ఎక్కితే వినిపించని బుల్లి స్టేషన్. ఆఫీసులకు పోయే మన తెలుగువాళ్లకు కారులో ఎప్పుడైనా తగిలితే బటన్ నొక్కి దాటేసేవారు. తోటల్లో ద్రాక్ష కోసేవాళ్లకు మాత్రం అదే లోకం.

పొద్దుటి కార్యక్రమం ఒఫేలియాది. ఎవరి పుట్టినరోజు, ఎవరింట పెళ్లి, ఎవరు ఎవరిని అడిగామని చెప్పమన్నారు, అన్నీ ఆమే చెప్పాలి. లోయంతా చుట్టాలే గానీ ఇంటికెళ్తే పలకరించే దిక్కు లేదు. ఉన్న ఒక్క కూతురు మారిసేలా ఎవరినో ప్రేమించానంటే, వాణ్ణి చేసుకుంటే నా గడప తొక్కొద్దంది. పిల్ల తొక్కలేదు. ఎక్కడుందో కూడా తెలియనివ్వలేదు.

అప్పటినుంచి రోజూ కార్యక్రమం చివర, ఎవరి పేరూ చెప్పకుండా, "పొద్దున్నే ఏమైనా తిన్నావా?" అని అడిగేది. పెద్ద స్టేషన్ వాళ్లు రమ్మన్నా వెళ్లలేదు. పిల్ల ఎప్పుడైనా ఈ దారిన వస్తే రేడియోలో వెతికేది దీన్నే కదా అని ఆశ. పిచ్చి ఆశే, కాదనను. పేగుబంధం ఊరుకోనిస్తుందా?

2012లో స్టేషన్ అమ్ముడుపోయింది. ఇకమీదట లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చే పాటలే. ఫోన్ నంబరు కూడా ఆ రోజుతో సరి. ఆఖరి పొద్దున ఒఫేలియా తెగించింది.

"మారిసేలా, అమ్మను. తప్పు నాదే. ఒక్కసారి ఫోన్ చెయ్యి" అని చివరి పాట వేసి ఫోన్ ముందు కూర్చుంది. స్టేషన్‌కు ఉన్నది ఒకటే లైను.

మోగింది. తీస్తే ఎవరో ముసలాయన. పేరు ఎలిసియో అని, చక్రాల ఇల్లు లాంటి ట్రెయిలర్‌లో ఒక్కడినే ఉంటానని చెప్పాడు. భార్య పోయాక రోజూ ఒఫేలియా అడిగే మాట విని, రేడియోకు జవాబు చెప్పి మరీ తినేవాడట.

"నన్నే అడుగుతున్నావనుకున్నానమ్మా. ఇవాళ పేరు పెట్టి పిలిచావు. నన్ను కాదన్నమాట" అన్నాడు.

పాట అయిపోవస్తోంది. కూతురు సరిగ్గా ఇప్పుడే ఫోన్ చేస్తుంటే? ఫోన్ పెట్టెయ్యాలి. బుద్ధి అదే చెప్పింది, చెయ్యి రాలేదు. తిన్నావా అని అడిగే మనిషి లేని ఇల్లు ఎలా ఉంటుందో ఒఫేలియాకు తెలియంది కాదు.

"ఏమైనా తిన్నారా, పెద్దాయనా?"

"ఇంకా లేదమ్మా."

"లేచి పొయ్యి వెలిగించండి. మీరు తినేదాకా నేను లైన్లోనే ఉంటాను."