వడిసెలతో ఎంచిన అద్దం

మా మేనమామది తిరుమణి అనే పల్లె. కరువుకు బెంగళూరు పోయి, చిన్న విమానాలు బాగుచేసే షెడ్డులో చేరినాడు. శెనక్కాయ చేన్లో కాకుల్ని రాళ్లతో కొట్టే వడిసెల మాత్రం ఎప్పుడూ ఆయన నడుముకు ఉండేది.

ఒక విమానం ముందద్దం గద్ద తగిలి పగిలింది. పైలట్ కన్ను పోయింది. అయినా తేలికగా ఉంటాదని ఆ విమానం ఓనరు మళ్లీ పల్చటి అద్దమే ఏరినాడు. ఆ దినం నేనూ ఆడే ఉండాను.

"అయితే దీని వెనకాల కూచో సామీ," అన్నాడు మామ, ఆ అద్దాన్ని నిలబెట్టి వడిసెలలో రాయి పెడతా.

ఓనరు పక్కకు జరిగినాడు. మామ అద్దం వెనకాల ఖాళీ కుర్చీ వేసి, వడిసెల తిప్పి రాయితో కొట్టినాడు. అద్దం బద్దలై, ముక్కలు కుర్చీ మెత్తలో కత్తుల మాదిరి దిగినాయి.

తర్వాత మందపు అద్దం నిలబెట్టి, అంతే కసిగా కొట్టినాడు. రాయి తిరిగొచ్చి ఆయన నొసలే చీల్చింది.

మొగమంతా నెత్తురు కారతాంటే నవ్వినాడు.

"ఇప్పుడు కూచో సామీ, నీకేం గాదు!"