నూతి దగ్గరివాళ్ళు

ఎనభైల చివర్లో, దేశం దాటి వచ్చిన మాకు టూంగాబీ అనే శివారు పేటలో అద్దెకిచ్చిన ముసలావిడ ముందు గదుల్లో ఉండేది, వెనక గదుల్లో మేము. మాట్లాడుతూ మాట్లాడుతూ టీ కప్పు నోటిదాకా తెచ్చి ఆపేసేది. తల ఎడమకి వాల్చి, పెరటివైపు ఏదో వినేది. పెరట్లో ఎండిన గడ్డి, బట్టలారేసే స్టాండు తప్ప ఏమీ లేవు.

అద్దె కాగితంలో నేను మన అలవాటు కొద్దీ ఇంటిపేరు ముందు రాశాను. దాంతో ఆవిడకి నేను "నూటీ" అయిపోయాను. అలా పిలిస్తే నన్ను కాదు, మా తాతముత్తాతలందరినీ పిలుస్తున్నట్టుండేది. ఒకరోజు అర్థం అడిగింది. "నూతి అంటే నుయ్యేనండీ, మా ఇంటిపేరు," అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది.

ఆవిడ ఇంటిపేరు ఆట్‌వెల్. ఎప్పుడో ఇంగ్లండులో ఊళ్ళోవాళ్ళ పేర్లు రాసుకునేవాడు "ఏ థామస్?" అనడిగితే, "నూతి దగ్గరుండే థామస్" అన్నారట. ఆ మాటే ఇంటిపేరై అతుక్కుపోయింది.

"మావాళ్ళు నుయ్యి వదిలేసి ఓడెక్కారు. అది మాత్రం మమ్మల్ని వదల్లేదు," అంది, నవ్వకుండా.

నర్సింగ్ హోముకి వెళ్ళే రోజు ముందు గదుల తాళాలు నా చేతిలో పెట్టి, "ఆ పేరున్నవాళ్ళు ఒక్కరైనా ఇక్కడ ఉండాలి, నూటీ," అంది. పెద్దావిడ చాదస్తమని నవ్వుకున్నాం.

నెల తిరక్కుండానే ఒక ఆదివారం పొద్దున మా ఆవిడ నన్ను కుదిపింది.

"ఏంటండీ, కాఫీ చల్లారిపోయింది! తల అలా వాల్చి ఏం వింటున్నారు?"