ఒకటే మార్చే మా బావ

మా బావ ఒకేసారి రెండింటిని మార్చడు. దేన్నయినా సరే, ఒక్కటి మార్చి, ఆగి, ఏమైందో చూసి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్తాడు. ఆయనకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. పొద్దుట్నించి సాయంత్రం దాకా జనం కళ్ళ ముందు ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని అడగడమే పని. పాతికేళ్ళుగా అడిగీ అడిగీ ఆ ప్రశ్న ఆయన ఒంటికి పట్టేసింది. షాపు మూసి ఇంటికొచ్చాక కూడా అదే ధోరణి.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు కూర చప్పగా ఉందన్నాడట. మా అక్క ఉప్పూ కారం రెండూ పట్టుకొచ్చింది. ఆయన ఉప్పు మాత్రం వేయించుకుని, కలుపుకుని, నాలుగు ముద్దలు తిని, కాసేపు ఆలోచించి, "ఇప్పుడు కారం వెయ్యి" అన్నాడు. ఆ భోజనం గంటన్నర సాగింది. జలుబు చేసి డాక్టరు మూడు రకాల మాత్రలు రాస్తే, ఒక్కో రకం రెండేసి రోజులు చొప్పున వాడాడు. మూడో రకం మొదలుపెట్టే లోపే జలుబు దానంతటదే పోయింది. ఆ మేలు ఎవరిదో తేలక వారం రోజులు దిగులుగా తిరిగాడు.

కొత్త చెప్పులు కొన్నప్పుడు ఒక కాలికి కొత్తది, ఇంకో కాలికి పాతది వేసుకుని షాపుకి వెళ్ళాడు. రెండూ కొత్తవైతే ఏది కరుస్తోందో తెలీదట. "కరిచిన కాలికి తెలీదా బావా?" అని అడిగాను. "కాలికి నొప్పి తెలుస్తుంది. కారణం తెలీదు" అన్నాడు. ఆ రోజు షాపుకొచ్చినవాళ్ళు ముందు ఆయన కాళ్ళు చూసి, తర్వాత తమ కళ్ళు చూపించుకున్నారు.

ఈ విషయంలో ఆయనకీ నాకూ పొసగదు. నేను వాషింగ్ మిషన్లు బాగుచేస్తాను. అనుమానం ఉన్న సామానంతా ఒక్కసారే పీకేసి కొత్తది బిగిస్తాను. మిషన్ తిరిగితే చాలు, ఏది పోయిందన్న చరిత్ర నాకెందుకు? బావకి ఇది మహాపాపం. "రెండు ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో తెలీదురా. ఏ తప్పూ చేయనిదాన్ని కూడా చెత్తబుట్టలో పారేస్తావు నువ్వు" అంటాడు. వాషింగ్ మిషన్ పార్టుల తరఫున వాదించే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇలాంటి మనిషి చేతిలో కంప్యూటర్ పడింది. అదీ మా అక్క కోసం.

అక్క పెళ్ళికి ముందు ఒక ఇంజనీరు దగ్గర ఇళ్ళ ప్లాన్లు చేత్తో గీసేది. పిల్లలు పుట్టాక మానేసింది. వాళ్ళు కాలేజీలకి వెళ్ళాక, నలభై ఆరో ఏట, పట్టుబట్టి కంప్యూటర్ మీద గీయడం నేర్చుకుంది. ఒక ఆఫీసువాళ్ళు పరీక్షగా ఒక పని ఇచ్చారు. ఒక ఇంట్లో గదులు కట్టాక ఎలా ఉంటాయో చూపిస్తూ ఆరు బొమ్మలు, శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా కావాలి. నచ్చితే ఉద్యోగం. గీతలు గీయడం అక్క పని. ఆ గీతల్లో వెలుగూ నీడా నింపి ఫొటోలా తయారుచేయడం కంప్యూటర్ పని. వాళ్ళ పాత కంప్యూటర్ ఒక్కో బొమ్మకి తొమ్మిది గంటలు తీసుకునేది. "ఇది కూడా నాలాగే ముసలిదైపోయింది" అంది అక్క ఒకరోజు, నవ్వుతూనే.

బావ నవ్వలేదు. ఎక్కడెక్కడివో చదివి, ప్రాసెసర్‌ని కంపెనీవాడు పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో పరిగెత్తించడం నేర్చుకున్నాడు. దాన్ని ఓవర్‌క్లాక్ చేయడం అంటారట. మూడు పాయింట్ ఆరు గిగాహెర్ట్జ్ వేగం మీద నడిచేదాన్ని, మెట్టుకొక సాయంత్రం చొప్పున, నాలుగు పాయింట్ నాలుగు దాకా ఎక్కించాడు. బొమ్మకి పట్టే సమయం ఏడున్నర గంటలకి దిగింది. మెట్టు ఎక్కించినప్పుడల్లా అక్కని పిలిచి, తెర చూపించి, "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని అడిగేవాడు. "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అనేది అక్క.

సోమవారం మధ్యాహ్నం అక్క మొదటి బొమ్మ మొదలుపెట్టింది. ముప్పావు గంటకి తెరంతా నీలంగా మారి కంప్యూటర్ ఆగిపోయింది. అక్క షాపుకి ఫోన్ చేసి, తనేమైనా తప్పు నొక్కానా అని అడిగింది. బావ ఇంటికొచ్చి, ప్రాసెసర్‌ని ఊపిరి తీసుకోనివ్వకుండా లెక్కలు చేయించే పరీక్ష ఒకటి పెట్టాడు. రాత్రంతా నడిచింది, చెక్కుచెదరలేదు. పొద్దున్నే వోల్టేజి ఒక్క పిసరు పెంచి షాపుకి వెళ్ళాడు. మంగళవారం మధ్యాహ్నం మళ్ళీ నీలం తెర. నేనేమైనా తప్పు నొక్కానా అని మళ్ళీ అక్క. రాత్రి మళ్ళీ పరీక్ష పెడితే మళ్ళీ పాసయింది. ఈసారి ప్లగ్గు తీసి వేరే సాకెట్‌లో పెట్టాడు. అంతే, ఇంకేమీ ముట్టుకోలేదు.

బుధవారం పదింటికే ఆగిపోయింది. అక్క నాకు ఫోన్ చేసింది.

"మీ బావ పెడితే బుద్ధిగా నడుస్తుందిరా. నేను పెడితేనే పడిపోతుంది. అంటే లోపం కంప్యూటర్‌ది కాదు. నాకే చేతకావడం లేదు. ఆఫీసుకి ఫోన్ చేసి నావల్ల కాదని చెప్పేస్తాను."

మా అక్క అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు భయం వేసింది. సాయంత్రం దాకా ఆగమని చెప్పి, తిన్నగా బావ షాపుకి వెళ్ళి, ఎవరికో అద్దం మారుస్తున్నవాణ్ణి పని పూర్తిచేయించి లాక్కొచ్చాను. దారంతా తిడుతూనే ఉన్నాను. వోల్టేజీ, వేగం, ప్లగ్గూ అన్నీ ఒక్కసారే వెనక్కి మార్చిపారెయ్యమన్నాను. కంపెనీ వేగానికి దించితే ఆరు బొమ్మలూ శుక్రవారం సాయంత్రానికి అవ్వవని బావ లెక్క చెప్పాడు. "పైగా తప్పు వేగానిది కాకపోతే?" అన్నాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంట్లో అక్క మళ్ళీ బొమ్మ మొదలుపెట్టింది. నేనూ బావా చెరో పక్కన కూర్చున్నాం. గంట గడిచింది. ఏమీ కాలేదు. "చూశారా, మీరుంటే ఆగదు" అంది అక్క, మొహం ఇంకా చిన్నబుచ్చుకుని.

బావ గడ్డం గోక్కున్నాడు. నన్ను పక్కకి పిలిచి, "అన్నీ పొద్దున ఉన్నట్టే ఉన్నాయి. మారింది ఒకటే. మనం ఇక్కడున్నాం. కాబట్టి ఇప్పుడు మనల్ని తీసేసి చూడాలి" అన్నాడు. నేను ఇన్నేళ్ళలో ఎన్నో పీకాను గానీ మనుషుల్ని పీకి చూడాలన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు.

టీ తాగొస్తామని అక్కకి చెప్పి వీధి చివరిదాకా వెళ్ళాం. అరగంట తర్వాత చప్పుడు చేయకుండా తిరిగొచ్చాం. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తోంది. గదిలో కిటికీ తెరిచి ఉంది. రోడ్డుకి అవతల పాత ఇల్లు పడగొడుతున్నారు, దుమ్ము పొగలా లేస్తోంది. కంప్యూటర్ డబ్బా మాత్రం దుమ్ముకి అందకుండా భద్రంగా ఉంది. దాని మీద పాత దుప్పటి మడతపెట్టి కుట్టిన దళసరి కవరు, అంచు చుట్టూ ఎర్ర దారంతో అల్లిక. వైర్లు వచ్చేందుకు వీలుగా చక్కగా కత్తిరించిన కంతలు. గాలికి మాత్రం ఒక్క కంతా లేదు. లోపల ఫ్యాను అరుస్తోంది. చెయ్యి పెడితే ఇస్త్రీ పెట్టెలా కాలింది. పగలు పని మొదలుపెట్టి గదిలోంచి వెళ్ళేటప్పుడల్లా దుమ్ము పడకుండా అక్క దీన్ని కప్పుతోందన్నమాట; రాత్రి పరీక్షలప్పుడు దుమ్మూ లేదు, కవరూ లేదు.

"అక్కా" అని పిలవబోయాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"మూడు రోజులుగా మీ అక్క ఏమడుగుతోంది?"

"తనేమైనా తప్పు నొక్కిందా అని."

"దానికి ఔనని చెప్తావా నువ్వు?"

అంతలోనే తెర నీలంగా మారింది. బావ గబగబా కవరు తీసి చేతిలో పట్టుకున్నాడు. అక్క తడి చేతులతో లోపలికొచ్చి, తెర చూసి, ఆ ప్రశ్నే అడగబోయింది.

"తప్పు నాది. వేగం మరీ ఎక్కువ పెట్టాను. దానికి తట్టుకునే శక్తి లేదు. ఇప్పుడే దించేస్తాను" అన్నాడు బావ. కూర్చుని, సెట్టింగుల పేజీ తెరిచి, రెండు మూడు మీటలు నొక్కి, మూసేశాడు.

అక్క ఒక్క క్షణం ఆయన్ని చూసింది. తర్వాత మొదలైంది. మూడు రోజులు తన తెలివిని తనే అనుమానించుకునేలా చేశారని, అంకెల పిచ్చితో తన ఉద్యోగం గంగలో కలపబోయారని, చెడామడా పావుగంట తిట్టింది. ఆ తిట్లతో పాటు అక్క గొంతులోకి బలం తిరిగి రావడం నాకు స్పష్టంగా వినిపించింది. బావ తలొంచుకుని విన్నాడు. అంతా అయ్యాక చేతిలో కవరు చూపించి, "ఇది నువ్వే కుట్టావా? షాపులో అద్దాలు అరగదీసే మిషన్‌కి సరిగ్గా ఇలాంటిదే వెతుకుతున్నాను. ఇస్తావా?" అని అడిగాడు. తీసుకుపొమ్మంది అక్క, కోపంలోనే కొంచెం మెత్తబడి. మరి ఇక్కడ దుమ్ము సంగతేమిటంది. కిటికీ సంగతి రేపు చూద్దామన్నాడు. ఒకే రోజు రెండు మార్పులు ఆయన వల్ల ఎక్కడవుతాయి?

బయటికొచ్చాక నేను ఊరుకోలేకపోయాను. "బావా, ఇవాళ నీ నియమం తప్పావు. కవరు తీశావు, వేగమూ దించావు. ఒకేసారి రెండు."

"రెండెక్కడరా? ఒకటే."

"మరి వేగం?"

"పేజీ తెరిచాను, చూశాను, మూశాను. వేగం దించితే ఆరు బొమ్మలు శుక్రవారానికి అవ్వవని దారిలోనే చెప్పానుగా" అన్నాడు, కవరు చంకలో సర్దుకుంటూ.

శుక్రవారం మధ్యాహ్నానికే ఆరు బొమ్మలూ అయిపోయాయి. ఆఫీసువాళ్ళకి నచ్చాయి. అక్క ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది. ఇప్పటికీ ఇంటికెవరొచ్చినా ఆ కథ చెప్తుంది. "నేను గట్టిగా అరిచి కంపెనీ వేగానికి దింపించాను కాబట్టి సరిపోయింది. చూడండి, దాని మానాన దాన్ని వదిలేస్తే ఎంత చకచకా పనిచేస్తోందో" అంటుంది. నాలుగు పాయింట్ నాలుగు మీద పరిగెడుతున్న ఆ డబ్బా పక్కనే కూర్చుని మా బావ, నిజమే, బుద్ధొచ్చిందని తలూపుతాడు. నేను టీ గ్లాసులో మొహం దాచుకుంటాను.