పసుపునీళ్ళు చల్లిన సరస్వతి ఆకు

మొన్న రాజమండ్రిలో మందుల షాపుకి వెళ్తే అద్దాల బీరువాలో పసుపు క్యాప్సూల్స్ సీసా కనిపించింది. మెదడుకు మంచిదని దాని మీద రాసి ఉంది. మీకది మామూలు సరుకే కావచ్చు గానీ, తొంభైల చివరలో మా చెల్లెలు పడ్డ అవస్థ గుర్తొచ్చి నాకు అక్కడే నవ్వొచ్చింది.

అప్పట్లో నేను కాలేజీలో బోటనీ చెప్పేవాణ్ణి, చెల్లెలు విశాఖలో పీహెచ్‌డీ చేసేది. మెదడులో కాపలా కాసే కణాలుంటాయి. అవి హానిని ఎదుర్కోవడానికి రేగుతాయి, ఆ తర్వాత కూడా చల్లారకపోతే పక్కనున్న నాడీకణాలనే దెబ్బతీస్తాయి. సరస్వతి ఆకు సారం వాటిని నెమ్మదింపజేస్తుందా అన్నదే తన పరిశోధన. కొవ్వూరు వైపు కాలువ గట్ల మీద ఆకు కోసి, మేడ మీద నీడలో ఆరబెట్టి పంపే పని నాది. ఏ గట్టున కోసిందీ, ఎలా ఆరబెట్టిందీ అలవాటు ప్రకారం డైరీలో రాసుకునేవాణ్ణి.

మొదట పంపిన ఆకుతో కణాలు చక్కగా నెమ్మదించాయి. తర్వాత అమ్మ మా అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేనొక్కణ్ణే ఆరబెట్టి పంపిన ఆకుకి అవి లొంగలేదు. మొదటి ఫలితం మళ్ళీ రాకపోతే థీసిస్ మీద సంతకం పెట్టనని గైడు గారు తేల్చి చెప్పేసరికి, చెల్లెలు రైలెక్కి వచ్చి వంటింటి గుమ్మంలో కూలబడింది. నేను డైరీ తిరగేసి, రెండుసార్లూ అదే గట్టు, అదే పద్ధతి అని ధీమాగా చెప్పాను.

మామిడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి ఒరుగులకు సిద్ధం చేస్తున్న అమ్మ తలెత్తింది.

"పసుపునీళ్ళు చల్లావా అబ్బాయ్?"

"ఆకుకి పసుపేంటమ్మా?"

"పురుగు పట్టదూ? అంత దూరం పంపేది. కిందటిసారి నేనే చల్లాను."

"అయితే ఇన్నాళ్ళూ నేను మురిసిపోయింది నీ పసుపుని చూసి అన్నమాట," అని చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఆకు పచ్చదనంలో ఆ రంగు ఎవరికీ కనబడలేదు మరి.

తిరిగి వెళ్ళి గైడు గారికి దాచకుండా చెప్పి, ఆకుని వేరుగా, పసుపుని వేరుగా, రెండూ కలిపీ మళ్ళీ పరీక్షించింది. కణాలను నెమ్మదింపజేసిన గొప్ప చాలావరకు పసుపుదేనని తేలింది. ఉన్నది ఉన్నట్టు రాసిన ఆ థీసిస్ మీదే ఆయన సంతకం పెట్టారు.

ఇప్పుడా గట్లకు సిమెంటు చేశారు, సరస్వతి ఆకు వెతికినా దొరకదు. ఒరుగులూ ప్యాకెట్లలోనే కొంటున్నాం. అమ్మ లేదు. షాపులో ఆ సీసా వెనక్కి తిప్పి కళ్ళజోడు సవరించుకుని చదివాను. అందులో ఏమేం కలిపారో చిన్న అక్షరాల్లో అంతా ఉంది. ఎవరు కలిపారో మాత్రం లేదు.