గూడబాతు మీద ఏడు బాణాలు

నాకు అక్షరాలు వచ్చిన కొత్త రోజులవి. వయసు అరవై దాటింది గానీ, చదువు లెక్కన చూస్తే రెండేళ్ళ పసివాణ్ణి. చర్చి వెనక గదిలో పెద్దవాళ్ళకు రాత నేర్పే టీచరమ్మగారి దగ్గర దిద్దుకుని, ఏలూరులో బస్సుల బోర్డులూ, గోడల మీది రాతలూ, చివరికి పకోడీ కట్టిన కాగితం కూడా వదలకుండా చదివేవాణ్ణి. చదవడం బాగానే ఉంది, నేను రాస్తే చదివేవాళ్ళే లేరు. ఇంట్లోవాళ్ళకి ఉత్తరం రాద్దామంటే అందరూ పక్క గదిలోనే ఉన్నారాయె! ఆ బెంగలోనే నేను కంప్యూటర్ ఆటలో పడ్డాను. అది మంచి పనో చెడ్డ పనో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నన్ను అందులో పడేసింది మా కూతురి కూతురు అమ్మడు. అప్పుడు ఇంటర్ చదివేది. "దీనికి ఏమీ ఎక్కించక్కర్లేదు తాతయ్యా, నెట్‌లో పేజీ తెరిస్తే చాలు" అంది. నిజమే, అదే దాని మొదటి గొప్ప. మా డొక్కు కంప్యూటర్‌లోనూ తెరుచుకుంది, అమ్మడి ఫోన్‌లోనూ తెరుచుకుంది. లోపలంతా ఒక రాజ్యం. అడవికి పోయి మూలికలు తవ్వుకోవచ్చు, కత్తులు చేయించుకోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు. ఎక్కడెక్కడి మనుషులో ఒకేసారి అందులో తిరుగుతుంటారు, నీ వయసెంతని ఒక్కరూ అడగరు. ఇక లోపాలంటారా, కరెంటు పోతే ఉన్నచోటనే కొయ్యబొమ్మలా నిలబడిపోతాం, ఎవడో వచ్చి కొట్టిపోతాడు. మనం అన్నం తింటున్నా ఆ రాజ్యం ఆగదు. గుండీల మీద రాతలన్నీ ఇంగ్లీషు. అన్నిటికన్నా పెద్ద లోపం, మనవాళ్ళ మీద బాణం వేస్తే తగలకూడదన్న ఇంగితం ఆ ఆటకి లేదు. (ఈ సంగతి ముందే తెలిస్తే నాకీ తిప్పలు ఉండేవి కావు.)

అమ్మడు తన జట్టులో నన్నూ చేర్చింది. మొత్తం పన్నెండుమందిమి. నాయకురాలు తాడేపల్లిగూడెంలో బట్టలు కుట్టే ఒకావిడ, అందరూ టైలరమ్మ అనేవారు. మిషను పక్కనే కంప్యూటర్ పెట్టుకుని, జాకెట్టుకీ జాకెట్టుకీ మధ్య ఒక కోట పడగొట్టేది. ఉండిలో పాఠాలు చెప్పే లెక్చరరుగారు ఇంకొకరు. తెర అడుగున ఒక పెట్టెలో అందరూ కబుర్లు రాసుకునేవారు, అదీ తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాలతో. నాకు ఒక్క ముక్క అందేది కాదు. నేను మాత్రం ఒక్కో అక్షరం వెతుక్కుని, "అందరికీ నమస్కారం. నేను చెరువు కాపలాదారుని" అని తెలుగులో రాశాను. టైలరమ్మ వెంటనే తెలుగు అక్షరాలతోనే "నమస్తే తాతగారూ, బాగున్నారాండీ?" అని రాసింది. నా రాత చదివి, ముక్కూ మొహం తెలియని మనిషి జవాబివ్వడం నా జన్మలో అదే మొదటిసారి. ఆ సంతోషానికి ఆ పూట అన్నం కూడా సహించలేదు.

ఆ ఆటలో మా జట్టుకొక చెరువుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఎదుటి జట్టు దాని మీద పడింది. "నువ్వు గట్టు మీద ఉండు తాతయ్యా. చెరువు దగ్గరికి ఎవరొచ్చినా బాణం వేసెయ్" అని చెప్పి, అమ్మడు ఫోన్ పట్టుకుని కోట తలుపు కాయడానికి పోయింది (అంటే పక్క గదిలోకి, ఛార్జరు అక్కడుంది). నేను కొల్లేరు చెరువుల మీద ముప్ఫయ్యేళ్ళు కాపలా ఉన్నవాణ్ణి. చేపపిల్లల్ని వదిలిన చెరువులో గూడబాతు దిగిందంటే కాపలావాడి పరువు పోయినట్టే. సంచిలాంటి ముక్కుతో ఒక్క మునక వేసిందంటే ఎన్ని పిల్లలు పోతాయో! అందుకే టపాకాయలు కాల్చి, డబ్బా వాయించి, గొంతు పోయేలా అరిచి తోలేవాళ్ళం. సరిగ్గా అలాంటి తెల్లటి గూడబాతే తెర మీద మా చెరువులో దిగింది. "హోయ్!" అని అరిచి బాణం వేశాను. పడిపోయింది. నిమిషం తిరక్కుండా ఇంకోటి దిగింది. దాన్నీ కొట్టాను. అలా ఏడు. కింద పెట్టెలో రాతలు వరదలా పోతున్నాయి. మెచ్చుకుంటున్నారనుకుని మధ్యలో ఒకసారి "థాంక్సండీ" అని కూడా రాశాను.

అమ్మడు పరిగెత్తుకొచ్చింది. "తాతయ్యా, ఆపు! అది టైలరమ్మ ఆంటీ!"

"ఏది?"

"ఆ పక్షే! మంత్రం వేసుకుని పక్షిలా వచ్చి మనవాళ్ళ గాయాలు మాన్పుతోంది. పడిపోయినప్పుడల్లా మళ్ళీ బతికొస్తోంది, ఏడుసార్లూ ఆవిడనే చంపావు!"

"మనిషి పక్షి కావడమేంటే?"

"ఆటలో అవుతారు!"

"అయితే అవనీ. చెరువులో దిగడమెందుకూ?"

చెరువు ఎదుటివాళ్ళ పాలైంది. సొంతవాళ్ళని చంపినవాణ్ణి ఉంచాలో తీసెయ్యాలో అదే సాయంత్రం జట్టంతా ఓటు వెయ్యాలట. తీసేస్తే ఆ పెట్టెలో నేనిక రాయలేను. నా సంజాయిషీ సగం రాసేసరికి పేజీ బిగుసుకుపోయి రాసిందంతా మాయమైంది. మళ్ళీ మొదటి నుంచీ రాశాను. "ముప్ఫయ్యేళ్ళు చెరువు కాపలా కాశాను. పక్షి దిగితే కొట్టడమే నాకు తెలుసు. పక్షి టైలరమ్మగారని నాకెవరూ చెప్పలేదు. తప్పు నాదే. సగం మీది కూడా."

టైలరమ్మ తెలుగులో జవాబు రాసింది. నేనే కూడబలుక్కుని చదువుకున్నాను: "ఏడు బాణాల్లో ఒక్కటీ తప్పలేదండీ. ఈయన్ని ఎదుటి జట్టుకి పోనిస్తే మన గతేంటండీ?" ఓట్లు పడ్డాయి. ఉంచాలని పదకొండు, తీసెయ్యాలని ఒకటి.

బతికిపోయాను గానీ, ఆ ఒక్కటీ గుచ్చుకుంది. ఎవరు? ఆలోచించగా ఆలోచించగా అనుమానం లెక్చరరుగారి మీద ఆగింది (పెద్ద చదువులవాళ్ళకి నా రాత ఏం ఆనుతుంది!). వారంపాటు జట్టులో అందరికీ చేపలు పంచి, ఆయనకు మాత్రం ఒక్క చేపపిల్ల కూడా ఇవ్వలేదు. చివరికి అమ్మడి దగ్గర సణిగితే, అది నా పేజీ తెరిచి చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఆ ఓటు నీదే తాతయ్యా! తీసెయ్యమనే ఎర్ర గుండీ ఎందుకు నొక్కావు?"

"మన జట్టు జెండా ఎర్రది కదా!" (తప్పు చేసినవాడికి కూడా ఓటివ్వడం ఏం ఆటో, నాకు అర్థం కాలేదు.)

గబగబా లెక్చరరుగారికి నలభై చేపలు పంపించాను. పాపం, ఆయన తెలుగులోనే రాశారు: "ఇన్నెందుకండీ తాతగారూ?" నిజం రాద్దామని ఒక్కో అక్షరం పేర్చి, చెరిపేసి, మళ్ళీ పేర్చి, చివరికి "ఉంచండి" అని మాత్రం రాశాను. తనని తానే వెలేసుకుని, వారంపాటు ఇంకొకాయన మీద కారాలు మిరియాలు నూరిన ఆ కొత్త చదువరిని తలుచుకుంటే, దగ్గర కూర్చోబెట్టుకుని వీపు నిమరాలనిపిస్తుంది.