ఎడమ కాలు లేచే ముందు

దిల్‌సుఖ్‌నగర్ పోస్టుకు ఏప్రిల్ మొదటి సోమవారం ఉదయం తొమ్మిదింటికి రిపోర్ట్ చేశాను. సైన్యంలో పదిహేడేళ్లు చేసి వచ్చినవాణ్ణి. బట్టల షోరూం గేటు కాయడాన్ని కూడా పోస్టు అనే అంటాను. మీరు నవ్వుకున్నా సరే, నాకు వేరే మాట రాదు. మూడు వైపులా కాంక్రీటు, నాలుగో వైపు మెట్రో స్తంభాలు. సెల్లార్‌లోకి దిగే వాలు పద్దెనిమిది అడుగులు. నీడ పదకొండు దాకానే. సామాను: ఈల, టార్చి, వాకీటాకీ, లీటరు నీళ్ల సీసా. డ్యూటీ తొమ్మిది నుంచి ఏడు.

ఎల్బీనగర్‌లో నా కిరాయి గదికి వెళ్తే పలకరించే దిక్కు లేదు. రోజు మొత్తంలో నాతో మాట్లాడేది ఒక్కడే. నాకు కనపడే దూరంలో, రెండో గేటులో ఉండే రిటైర్డ్ హవల్దార్ సాబ్. గుంటూరు వైపు మనిషి, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. మా ముచ్చట్లన్నీ వాకీటాకీలోనే.

“తమ్ముడూ, తిన్నావా?”

“తిన్న సాబ్. మీరు?”

“పెరుగన్నం.”

“గుంటూరోళ్లు గిట్ల పెరుగన్నం తింటే ఎట్ల సాబ్, ఊరి పరువు పోదా?”

ఆయనకు చేతులు వణికే జబ్బు మొదలైంది. వణుకుతో వేగొచ్చు. ఇబ్బందల్లా మొదటి అడుగుతోనే. నడకలో పడ్డాక బాగానే నడిచేవాడు. నిలబడ్డ చోటు నుంచి కదలాలంటే మాత్రం కాలు లేవదు. సాయంత్రం నాలుగింటికి యజమాని కారు వస్తుంది. అప్పుడు ఆయన ఆరడుగులు నడిచి వాలుకు అడ్డంగా ఉన్న గొలుసు దించాలి. అది చేతకాకపోతే ఉద్యోగం ఉండదు.

“కాళ్లు నేలకి అతుక్కుపోతున్నాయయ్యా. ఎవరైనా చూస్తే నా పని అయిపోయినట్టే.”

“గా గేటు పిల్లర్‌కు ఆనుకొని నిలబడుండ్రి సాబ్. ఎవ్వరికీ తెల్వది.”

గొప్ప సలహా ఇచ్చానని మురిసిపోయాను. ఆయన కుడి భుజం, కుడి బూటు పిల్లర్‌కు ఆన్చి నిటారుగా నిలబడేవాడు. వణుకు కనపడేది కాదు. కారు రాగానే నేను వాకీలో, కవాతు మొదలుపెట్టించే ఆర్డరు లాగా, “తేజ్ చల్” అనేవాణ్ణి. సైనికుడికి ఎప్పుడూ ఎడమ కాలే ముందు. ఆ కాలు రోజురోజుకూ మొండికేసింది. జబ్బు ముదిరిందనుకున్నాం.

మూడో వారం, గురువారం. నాలుగు దాటి ఐదు నిమిషాలు. ఎండకు తారు మెత్తబడింది. కారు వచ్చి రెండుసార్లు హారన్ కొట్టింది.

“సాబ్, కదులుండ్రి.”

“రావట్లేదయ్యా.”

“తేజ్ చల్!”

ఒళ్లు ముందుకు వెళ్లింది. కాలు వెళ్లలేదు. మోకాళ్ల మీద పడ్డాడు. గొలుసు నేనే పరుగెత్తి దించాను. ఏడింటికి సూపర్‌వైజర్ ఆయన ఈల, వాకీ తీసేసుకున్నాడు.

ఆదివారం నాకు సెలవు. సాబ్‌ను ఎల్బీనగర్‌లో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కు తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి ఆయన్ని నాలుగుసార్లు నిలబెట్టి చూసింది.

“ఏ కాలు లేపాల్నో, ముందుగల ఆ కాలే నేలను నొక్కుతది అంకుల్. ఆ తోపుకు ఒళ్లు రెండో కాలు మీదికి ఒరుగుతది. గప్పుడు మొదటి కాలు తేలికైతది. ఒళ్లు ముందుకు పడబోతది, ఆ కాలు పోయి ఆపుతది. గంతే నడక. మనకు తెల్వకుండనే అయితది. మీకు గా ఒరుగుడు సరిగ అయితలేదు.”

నేను ఊరుకోలేదు. “డ్రిల్లుల ఊగితే తిడ్తరు మేడం. కదలకుండ నిలబడి సీదా అడుగెయ్యాలె.”

“అట్లనా? ఈ గోడకు మీ కుడి భుజం, కుడి పాదం ఆనియ్యండి. ఇప్పుడు ఎడమ కాలు లేపండి.”

మంచుకొండల్లో ముప్పై కిలోలు మోసుకుంటూ నడిచిన కాలు నాది. లేవలేదు. లేవాలంటే ఒళ్లు కుడి పక్కకు జరగాలి. గోడ జరగనివ్వదు.

హవల్దార్ సాబ్ పడీ పడీ నవ్వాడు. “నువ్వూ ఇరుక్కుపోయావా తమ్ముడూ!”

నాకు నవ్వు రాలేదు. ఆయన్ని పిల్లర్‌కు ఆనించింది నేనే. అన్నాళ్లూ ఆయన కాలును కట్టేసింది జబ్బు ఒక్కటే కాదు, నా తెలివి కూడా. ఆయనకు ఆ సంగతి తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

గంటసేపు సాధన చేయించింది. ఎడమ పాదం నొక్కు, కుడికి ఒరుగు, లేపు. కాలు లేచింది. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి బతిమాలితే, అప్పటికే వేరే మనిషిని పెట్టామన్నాడు.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం ఆయన తమ్ముడింటికి ప్రయాణమయ్యాడు. ఎల్బీనగర్‌లో గుంటూరు బస్సు ఆగి ఉంది. మాకూ బస్సుకూ మధ్య ఇరవై అడుగులు. సంచి భుజానికి తగిలించుకున్నాడు.

“పట్టుకోకు. నేనే వెళ్తా.”

ఆ పోస్టులో ఇంకో ఏడాది ఉన్నాను. వాకీలో పని మాటలే మిగిలాయి. తర్వాత ఆ పని మానేశాను. హవల్దార్ సాబ్‌తో ఫోన్‌లో చాలాసార్లు మాట్లాడాను కానీ, చెప్పాల్సింది చెప్పడానికి నోరు రాలేదు. నిరుడు ఆయన పోయాడని వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు.

ఇప్పటికీ కళ్లు మూస్తే ఆ మధ్యాహ్నమే. ఆయన కొద్దిగా ఎడమ పాదం నొక్కాడు. కుడికి ఒరిగాడు. కాలు లేచింది. ఒకటి, రెండు, మూడు. “తప్పు నాది సాబ్” అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. పిలిస్తే ఆగుతాడు. ఆగితే మళ్లీ మొదలుపెట్టాలి. నేను పిలవలేదు.